జొన్నకూడూ, పక్కన ఉండవలసినవీ

దుర్గి, మాచర్ల వైపు రైతులకు జొన్నను గురించి ఒకరు చెప్పనక్కరలేదు. శ్రీనాథుని పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూటిమీద ఎగతాళి ఉంది. సన్నన్నం మరిగిన కవిగారికి అది రుచించలేదు గాని, మన పెద్దల కండలు దానితోనే పెరిగాయి. 1967లో సాగర్ నీళ్లు కాలువలకెక్కాక వరి అన్నం వచ్చింది. ఇప్పుడు మధుమేహం పుణ్యమా అని జొన్నరొట్టె మళ్లీ కంచంలోకి వస్తున్నది. మంచిదే. అయితే జొన్న ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి.

1960 ప్రాంతంలో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్న తినే బీదవారిలో ఒక జబ్బును పరిశీలించారు. ఎండ తగిలేచోట, అంటే ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి స్థిమితం తప్పుతుంది. దీని పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిను చాలకపోవడం వల్ల వస్తుంది. తిన్న తిండిని ఒంట్లోని ప్రతి కణమూ శక్తిగా మార్చుకోవాలంటే ఆ విటమిను కావాలి. అందుకే ఎప్పటికప్పుడు అరిగి కొత్తగా పెరిగే చర్మమూ, పేగుల లోపలి పొరా ముందు దెబ్బతింటాయి.

ఇక్కడే చిక్కు ఉంది. జొన్నలో నియాసిన్ మరపట్టిన బియ్యంలో కంటే తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవారికే ఈ బాధ ఎందుకు? మాంసకృత్తులలో ఉండే ట్రిప్టోఫాన్ నుండి కూడా మన శరీరం నియాసిన్ తయారు చేసుకుంటుంది; 60 పాళ్లు ఖర్చయితే వచ్చేది 1 పాలు. జొన్నలో లూసిన్ అనే మరో అంశం మోతాదు మించి ఉంటుంది. అది ఈ తయారీకి అడ్డుపడుతుందని గోపాలన్ గారి వాదం. తరువాతి పరిశోధకులందరూ ఒప్పుకోలేదు. జొన్న రకాన్ని బట్టి లూసిన్‌లో హెచ్చుతగ్గులుంటాయని మాత్రం తేలింది.

కనుక జొన్న మానమని కాదు, పక్కన ఏముందో చూసుకోమని. గొడ్డుకారం నంజుకొని రెండు పూటలూ గడిపితేనే ప్రమాదం. 100 గ్రాముల వేరుశనగ పప్పులో 10 మిల్లీగ్రాములకు పైగా నియాసిన్ ఉంది. పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు 15. పల్లీల పచ్చడి, జొన్న సాళ్ల మధ్య వేసిన కంది నుంచి వచ్చిన పప్పు, మజ్జిగ, అప్పుడప్పుడు గుడ్డు. ఇంతకంటే ఖర్చు అక్కరలేదు.

తాగుడుకు అలవాటుపడి తిండి తగ్గించిన వారిలో ఈ జబ్బు ఇప్పటికీ కనిపిస్తుంది. ఊళ్లలో తిరిగే వ్యవసాయ సిబ్బంది కూడా దీన్ని గుర్తుపట్టగలగాలి. రెండు చేతులూ ఒకే తీరున నల్లబడి పొలుసులు లేస్తే, గజ్జి అనుకొని పైపూతలతో కాలం గడపకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. డాక్టరు ఇచ్చే విటమిను మాత్రలతో నోటిపూత, విరేచనాలు కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. చర్మం తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది.