బాహుబలి రెండో భాగం: బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ

మానవాతీతమైన శక్తి గల నాయకుడు దుష్టుణ్ణి అణచే కథను సూపర్‌హీరో చిత్రమనీ, అది విజయవంతమైన తరువాత అవే పాత్రలతో తీసే తరువాయి చిత్రాన్ని సీక్వెల్ అనీ నేడు వ్యవహరిస్తున్నారు. పేర్లు పరాయివే గాని వాటి వెనుక ఉన్న ఊహ తెలుగు ప్రేక్షకుడికి కొత్తది కాదు. నూజివీడులో జన్మించిన ఎస్.వి. రంగారావు 1957 నాటి 'మాయాబజార్'లో ధరించిన ఘటోత్కచ పాత్ర, నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్.టి. రామారావు జానపద చిత్రాలలో పోషించిన సాహసవీరుల పాత్రలు అతిలోక బలాన్ని ఆస్వాదించే అలవాటును కృష్ణా డెల్టాలో ఏనాడో పాదుకొల్పాయి. 1980లో రామారావు ఏకంగా 'సూపర్‌మేన్' అనే పేరుతోనే ఒక చిత్రంలో నటించారు. అయితే పురాణకథలో తరువాత జరగబోయేది చూసేవారికి ముందే తెలుసు కనుక, దాన్ని ఎలా చూపారన్నదే అక్కడ ఆసక్తి. కల్పిత కథకు కొనసాగింపు తీసేవారికి ఆ వెసులుబాటు లేదు.

ఈ ఇబ్బందిని తెలుగులో అతిపెద్ద స్థాయిలో ఎదుర్కొన్న చిత్రం ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం వహించిన 'బాహుబలి 2'. నాయకుడు రాజు కావడం వల్ల దీన్ని జానపదమనడమే సబబైనా, అతని బలం సూపర్‌హీరోల కొలతకు ఏమాత్రం తగ్గదు. 2015 జులై 10న విడుదలైన మొదటి భాగం సింహాసనానికి విధేయుడైన కట్టప్ప నాయకుడు బాహుబలిని వెన్నుపోటు పొడిచిన దృశ్యంతో ఆగిపోగా, దానికి కారణం తెలుసుకోవడానికి ప్రేక్షకులు 2017 ఏప్రిల్ 28 వరకు నిరీక్షించవలసి వచ్చింది. ఈ నిరీక్షణకు వ్యాపారపు విలువ కూడా ఉంది. తెలుగు చిత్రాల ప్రదర్శన హక్కులు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా వంటి 'ఏరియా'లవారీగా, అంటే పంపిణీ ప్రాంతాలవారీగా అమ్ముడవుతాయి; కృష్ణా ఏరియా వ్యాపారానికి విజయవాడ కేంద్రం. మొదటి భాగం ఆడిన తీరు కళ్లముందే ఉండటం కొనుగోలుదారుకు ధైర్యమిస్తుంది గాని, అదే విజయాన్ని చూపి నిర్మాత ధర పెంచుతాడు కనుక, సీక్వెల్ మొదటి దానికంటే ఎక్కువ వసూలు చేస్తే తప్ప గట్టెక్కదు.

రెండో భాగానికి అసలు బలం కట్టప్ప ఎందుకు పొడిచాడన్న ప్రశ్నకు చెప్పిన జవాబులో కంటే, జవాబును వాయిదా వేస్తూ ప్రశ్నను కొంతసేపు మరిపించిన నేర్పులో కనిపిస్తుంది. వి. విజయేంద్ర ప్రసాద్ అల్లిన ఈ కథకు ఇరుసు కత్తియుద్ధం కాదు, ఇచ్చిన మాట. కుంతల రాకుమారి దేవసేనను భల్లాలదేవుడికిచ్చి పెళ్లి చేస్తానని, ఆమె ఇష్టాన్ని అడగకుండానే, రాజమాత శివగామి తన కొడుకైన అతనికి మాట ఇస్తుంది. ఆ సంగతి తెలియని, శివగామే పెంచిన బాహుబలి దేవసేన గౌరవాన్ని కాపాడతానని ఆమెకు మాట ఇస్తాడు. ఇక కట్టప్ప తన వంశం సింహాసనానికి ఏనాడో ఇచ్చిన మాటకు బందీ. ముగ్గురూ మాట తప్పనివారే కావడం వల్ల పుట్టిన ఘర్షణ ఇది. బరువైన రథాలను కదిలించగలిగిన చేతులు తల్లి ఆజ్ఞ ముందు నిస్సహాయంగా మిగలడంలోనే నాయకుడికి మానవత్వం దక్కింది. స్త్రీలతో అనుచితంగా ప్రవర్తించిన సేతుపతి వేళ్లను దేవసేన నరికిన నేరంపై జరిగే సభాఘట్టంలో, వేళ్లు కాదు తల తీయవలసిందంటూ బాహుబలి అంతపనీ చేసినప్పుడు, థియేటర్లలో ఈలలు మోగింది అతని కండబలానికి కాదు, భార్య పక్షాన నిలబడిన తెగువకు.

2004 నాటి 'స్పైడర్‌మాన్ 2' కూడా ఈ సూత్రం మీదే నిలిచింది. అందులో నాయకుడు తన బాధ్యతను తానే శంకించి శక్తులను కోల్పోతాడు. శక్తికి ఒక హద్దు ఏర్పడినప్పుడే కథ కదులుతుంది.

ఆ హద్దు చెరిగిపోయిన చోటే 'బాహుబలి 2' చతికిలబడింది. తండ్రి కథ ముగిసి కొడుకు మహేంద్ర బాహుబలి రంగంలోకి దిగిన తరువాత, అతనికి గెలవడం తప్ప తేల్చుకోవలసిన సందిగ్ధమేదీ మిగలలేదు. కాబట్టి ఆఖరి యుద్ధం ఎంత ఆర్భాటంగా సాగినా ఉత్కంఠ పలచబడింది. తాటిచెట్ల వంటి పొడవైన చెట్లను వంచి, వాటి విసురుతో సైనికులను కోటగోడ మీదుగా లోపలికి పంపే ఘట్టం దీనికి పరాకాష్ఠ. ఇళ్లకు వాసాలుగా, దూలాలుగా వాడే తాటిమాను ఎంత మొండిదో డెల్టా పల్లెల వారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా ఇక్కడి లోపం వృక్షశాస్త్రానిది కాదు: కుంతలలో మూడేసి బాణాలు ఒకేసారి సంధించే అసాధ్యాన్ని సంతోషంగా ఒప్పుకున్న ప్రేక్షకుడు, ఇక్కడ మనసు ముడిపడే భావమేదీ లేకపోవడంతో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. మొదటి భాగంలో సూక్ష్మబుద్ధి గల పాలకురాలిగా కనిపించిన శివగామి, రెండో భాగంలో భర్త బిజ్జలదేవుడి కుట్రను అంత తేలికగా నమ్మేయడం మరొక లోపం. కథకు ఆమె పొరపాటు అవసరమైంది గాని పాత్ర స్వభావంలో దానికి తగిన పునాది పడలేదు.

మొదటి భాగంలో ఆయుధం పట్టిన యోధురాలు అవంతికకు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. రెండో భాగంలో ఆమెకు చెప్పుకోదగ్గ సన్నివేశమే లేదు. 2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్' చివర ప్రశాంత్ వర్మ 'జై హనుమాన్'ను వాగ్దానం చేసినట్లు, నేటి దర్శకులు తొలి చిత్రంలోనే మలి చిత్రానికి మాట ఇచ్చేస్తున్నారు. అలా ఇచ్చేముందు ఏ పాత్రను ఎంతదూరం నడిపించగలరో తేల్చుకోవడం అవసరం. అందుకు నిదర్శనంగా, బాహుబలి రెండు భాగాలను ఒకే చిత్రంగా కుదించి 2025 అక్టోబరు 31న విడుదల చేసినప్పుడు, శివుడు (మహేంద్ర బాహుబలి)–అవంతికల ప్రేమకథకే ప్రధానంగా కోత పడింది.