లారీ లాగుడు తగ్గినప్పుడు సెన్సారునే నిందింపవలెనా?



పంట కళ్ళము దాటగానే మన కష్టము తీరదు. సరియైన వేళకు మిల్లునకో, మార్కెటునకో చేరవలెను. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలోని ధాన్యము, శనగలు, విత్తనములు, మహానంది అరటి గెలలు లారీల మీదనే తరలుచున్నవి. గిద్దలూరు వైపు నల్లమల ఘాటు ఎక్కుచు లారీ లాగుడు తగ్గి నిలిచినచో, గెలలు మన కొరకు ఆగవు.

ఇట్టి వేళ స్కానరు యంత్రములో డీజిల్ ఒత్తిడికి సంబంధించిన సంకేతము కనబడగానే సెన్సారు మార్చుట సరికాదు. ఆకు పసుపెక్కిన వెంటనే యూరియా చల్లక, వేరు దగ్గర నీరు నిలిచినదేమో చూతుము గదా! ఇచ్చటను అట్లే చూడవలెను.

సెన్సారు పని ఏమి?

భారత్ స్టేజ్ 6 ప్రమాణములు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. నేటి డీజిల్ లారీలలో కామన్ రైలు పద్ధతి సాధారణము. డీజిల్ ట్యాంకు నుండి ఫిల్టరు గుండా పెద్ద పంపునకు పోయి, అచ్చటి నుండి బలమైన ఉక్కు గొట్టములో చేరును. ఇంజను పనిచేయునప్పుడు అందులో ఒత్తిడి 1,000 బార్లు మించుట కద్దు. కారు టైరులోని గాలి ఒత్తిడి 2 బార్లకు కొంచెము ఎక్కువ మాత్రమే.

ఆ గొట్టమునకు బిగించిన సెన్సారులో పలుచని లోహపు రేకు ఉండును. ఒత్తిడికి రేకు వంగిన కొలది విద్యుత్ సంకేతము మారును. సాధారణముగా దీనికి మూడు తీగెలు: 5 వోల్టుల సరఫరా, ఎర్తు, సంకేతము. ఒత్తిడి లేనప్పుడు సంకేతము సుమారు అర వోల్టు, నిండు ఒత్తిడికి సుమారు 4.5 వోల్టులు ఉండును. బండిని బట్టి కొంత తేడా గలదు.

సంకేతముల అర్థము

పి 0087 అనగా గొట్టములో ఒత్తిడి చాలకున్నది. ఇది తరచుగా సెన్సారు చెప్పు నిజమే. పి 0192 అనగా సెన్సారు వోల్టేజి మరీ తక్కువ, పి 0193 అనగా మరీ ఎక్కువ. ఇవి తీగెల లేక సెన్సారు దోషమును సూచించును. పెద్ద లారీలలో ఎస్.పి.ఎన్. 157 అను సంఖ్య కనబడవచ్చును. దాని ప్రక్కన ఎఫ్.ఎం.ఐ. 3 ఉన్న వోల్టేజి ఎక్కువ, 4 ఉన్న తక్కువ అని అర్థము.

వరుసగా చూడవలసినవి

1. ట్యాంకులో డీజిల్ చాలినంత ఉన్నదా? నీటిని వేరుచేయు గిన్నెలో నీరు చేరినదా? ఫిల్టరు మూసుకొన్నదా? పీల్చు గొట్టములో గాలి దూరుచున్నదా? ఖాళీగా నడచి, బరువుతో ఎక్కునప్పుడే లాగుడు తగ్గినచో ముందుగా ఫిల్టరును చూడవలెను.

2. సెన్సారు ప్లగ్గులో తుప్పు, తేమ, వదులుతనము గలవా? ధాన్యపు కొట్టాల వద్ద నిలిపిన బండ్ల తీగెలను ఎలుకలు కొరుకును.

3. ఇంజను ఆపి కొన్ని గంటలు గడచిన పిమ్మట, స్టార్టు చేయక తాళము మాత్రమే త్రిప్పి స్కానరులో చూడవలెను. ఒత్తిడి సున్నకు దగ్గరగా ఉండవలెను. వందల బార్లు చూపినచో సెన్సారో, తీగెయో అబద్ధమాడుచున్నది.

4. అపుడు మెకానిక్ చేత మల్టీమీటరుతో 5 వోల్టుల సరఫరాను, ఎర్తును చూపించవలెను. అవి, సంకేతపు తీగె సరిగానున్నను తప్పు లెక్క వచ్చుచుండినచో సెన్సారును మార్చవచ్చును.

5. మూడవ పరీక్షలో లెక్క సరిగా వచ్చి, బరువు మీద కావలసిన ఒత్తిడి కంటె అసలు ఒత్తిడి పడిపోవుచున్నచో, దోషము చాలవరకు ఫిల్టరు, పంపు, ఇంజక్టర్ల వైపే ఉండును.

ప్రాణహాని గలదు

ఇంజను నడచుచుండగా ఒత్తిడి గొట్టముల నట్టు వదులు చేయరాదు. కారుచున్నదేమో అని చేయి పెట్టి చూడరాదు. సన్నని డీజిల్ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిపోటంత కనబడినను, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కొనుటకు ముందు

డీజిల్‌ను డబ్బాలలో నిలువయుంచువారు వాన నీరు, దుమ్ము చేరకుండ మూత బిగించవలెను. బండి పుస్తకములో చెప్పిన గడువుకు ఫిల్టరు మార్చవలెను. గ్రామాధికారులు ఈ వరుసను లారీ యజమానులకు, డ్రైవర్లకు చదివి వినిపింతురు గాక. సంకేతము వచ్చిన తేదీ, బండిపై బరువు, రోడ్డు ఎత్తుపల్లములు ఒక పుస్తకములో వ్రాసియుంచి మెకానిక్‌కు చూపినచో, దోషము త్వరగా దొరకును. అవసరము లేని సెన్సారు కొనుట తప్పును, సరుకును వేళకు చేరును.