చాక్లెట్టు పాకము

అరిసెలు వండు ఇంట పాకము తెలిసిన చేతికి గౌరవము ఎక్కువ. పళ్లెములోని నీటిలో బెల్లపు పాకము చుక్క వేసి, వ్రేళ్లతో ఉండకట్టి చూచి, ఇక పిండి పోయవచ్చునని చెప్పు పెద్దమ్మలకు థర్మామీటరుతో పనిలేదు. అట్టి ఇంట పెరిగినవాడను గనుక, చాక్లెట్టు చేయుట ఎంత పని అనుకొంటిని. మా అమ్మాయి పుట్టినరోజునకు మూడు దినములు ముందుగా, బజారున కొన్న నల్ల చాక్లెట్టును పొయ్యిమీద కరిగించి, జీడిపప్పు కలిపి, అచ్చులలో పోసితిని. పుట్టినరోజు నాటికి వానిపై బూడిద వంటి తెల్లని పొర ఏర్పడినది. బూజు పట్టినదని ఇంటిల్లిపాదియు తీర్మానించి పారవేసిరి. పిల్ల ముఖము చిన్నబోయినది.

అది బూజు కాదు, కోకో వెన్న. ఆ సంగతి నాకు తరువాత తెలిసినది.

కోకో గింజలో ఇంచుమించు సగము కొవ్వే. ఆ కొవ్వు గడ్డకట్టునపుడు ఆరు విధములైన స్ఫటికములుగా ఏర్పడగలదని శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఆరింటిలో మనకు కావలసినది అయిదవది. అది దాదాపు 34 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరుగును. మన దేహపు వేడిమి 37 డిగ్రీలు. అందువలననే మంచి చాక్లెట్టు చేతిలో టక్కున విరుగును, నాలుకపై వెన్నవలె కరుగును. కరిగించినదానిని దాని మానాన చల్లారనిచ్చినచో నిలుకడలేని స్ఫటికములు చేరును. అవి క్రమముగా రూపు మార్చుకొనుచుండగా కొంత కొవ్వు పైకి వచ్చి తెల్లగా పేరుకొనును. మెరుపు, నునుపు పోవునే గాని తినుటకు హాని లేదు. మరల కరిగించి చేసికొనవచ్చును. మేము వృథాగా పారవేసితిమి.

కావలసిన స్ఫటికమును రప్పించు పద్ధతికి టెంపరింగు అని పేరు. చాక్లెట్టును సన్నగా తరిగి, మూడింట రెండు వంతులు పొడి గిన్నెలో వేసి, వేడినీటి తపేలాపై ఉంచవలెను. గిన్నె అడుగు నీటిని తాకరాదు. 45, 50 డిగ్రీల నడుమ అంతయు కరిగిన పిమ్మట దించి, మిగిలిన వంతును కొంచెము కొంచెముగా వేయుచు కలుపుచుండవలెను. ఆ ముక్కలలోని మంచి స్ఫటికములే తక్కినదానికి తోడు. పాలు తోడుపెట్టుట మనకు క్రొత్తకాదు గదా! నల్ల చాక్లెట్టు 31, 32 డిగ్రీలకు, పాల చాక్లెట్టు మరి రెండు డిగ్రీలు తక్కువకు వచ్చినపుడు అచ్చులలో పోయవలెను. చాకుమొనపై కొంచెము పూసి చూడుడు. చల్లని గదిలో కొద్ది నిమిషములలోనే మెరయుచు గట్టిపడినచో పాకము కుదిరినట్లు.

పాకము చూచు అలవాటుగల చేతికి ఇక్కడ ఒక ప్రమాదమున్నది. తడి చేయి, తడి గరిటె తగులరాదు. ఒక్క నీటిచుక్క పడినను చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకొని, చాక్లెట్టు ముద్దకట్టును. అపుడు దిగులుపడి పారవేయవద్దు. వేడిపాలు ధారాళముగా పోసి కలిపినచో పిల్లలకు కమ్మని పానీయమగును.

అంగడిలో కాంపౌండు చాక్లెట్టు అను సరకు గూడ కలదు. అందు కోకో వెన్నకు బదులు ఇతర వృక్షజపు కొవ్వు ఉండును. దానికి టెంపరింగుతో పనిలేదు. అచ్చులు పోయుట నేర్చుకొనుటకు మంచిదే. నా నాలుకకు మాత్రము అది మైనమువలె తోచును. కొనునపుడు చీటీపై కోకో వెన్న పేరున్నదో లేదో చూచుకొనుడు.

ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతముల కొబ్బరితోటల నీడలో కోకో చెట్లు విరివిగా పెరుగుచున్నవి. గింజ మన నేలపై పండుచున్నది గాని, చాక్లెట్టు చేయుటకు మాత్రము మన వేసవి ఒప్పదు. మే నెలలో గది వేడిమియే 34 డిగ్రీలు దాటుచుండ, స్ఫటికము నిలుచుటెట్లు? పోనీ, రెఫ్రిజిరేటరులో దాచుదమన్నచో, వెలుపలికి తీయగానే తేమపట్టి, పైని చక్కెర కరిగి ఆరి, మరియొక విధమైన తెలుపు వచ్చును. నేను డిసెంబరు నెలలో, తెల్లవారుజామున, థర్మామీటరు చేతబట్టి రెండవమారు చేసితిని. మా అమ్మాయి నిద్రలేచి వచ్చి, ముందుగా తెల్లమచ్చల కొరకు వెదకి, తరువాత ఒక ముక్క విరిచినది. ఆ టక్కుమను చప్పుడు వంటయింటిలోనున్న వారందరికిని వినబడినది.