చీరలా మెరిసే గవ్వ... లోపల విషపు సూది!

కార్తీక వనభోజనాలకు యలమంచిలి నుంచి పూడిమడక ఒడ్డుకు వెళ్తే పిల్లలు ఊరుకుంటారా? గవ్వలేరి తెచ్చి మన కొంగులో పోస్తారు. రామేశ్వరం యాత్రకెళ్లినా షోకేసులోకి నాలుగు గవ్వలు కొనకుండా తిరిగి రాం కదా! కొట్లో కొన్న ఖాళీ గవ్వతో భయం లేదు. నీళ్లలో బతికున్న దానితోనే తంటా.

'టెక్స్‌టైల్ కోన్' అనే నత్త సంగతి చూడండి. టెక్స్‌టైల్ అంటే నేతబట్ట. పేరుకు తగ్గట్టే, పసుపు గోధుమ రంగు చీర మీద తెల్లని త్రికోణాలు అద్దినట్టుంటుంది దీని గుల్ల. ఆకారం ఐస్‌క్రీం కోనే! రామేశ్వరం పక్కనున్న మన్నార్ సింధుశాఖ, అండమాన్, లక్షద్వీప్‌ల పగడపు దిబ్బల్లో దీని కాపురం. పగలు దాక్కుని, రాత్రిళ్లు తోటి నత్తలను వేటాడుతుంది. నడక నత్తనడకే గానీ వేటు మాత్రం మెరుపు! సన్నని చివర నుంచి తొండం చాచి, ఇంజక్షన్ సూదిలాంటి బోలు పంటిని గుచ్చి విషం ఎక్కిస్తుంది.

ఇండోనేషియాలోని బాందా దీవిలో వల లాగుతూ ఇలాంటి గవ్వను చేత పట్టుకున్న ఒక బానిస స్త్రీ అక్కడికక్కడే ప్రాణం విడిచిందని, 1705లో అచ్చయిన రంఫియస్ గ్రంథంలో ఉంది.

విషంలోనే మందూ ఉంది సుమండీ! దీని చుట్టమైన మాగస్ కోన్ విషం ఆధారంగా తయారైన 'జికొనోటైడ్'కు 2004లో అమెరికా అనుమతి లభించింది. వేరే మందులకు లొంగని తీవ్రమైన నొప్పికి దీన్ని వెన్నులోకి ఎక్కిస్తారు. మార్ఫిన్‌లా అలవాటు పడదు.

మరి మన జాగ్రత్త? నీళ్లలో కోన్ ఆకారపు గవ్వ కనిపిస్తే ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. లావు చివర పట్టుకుంటే ఏం కాదులే అనుకోకండి, తొండం అటూ వంగుతుంది. జేబులో, కొంగులో వేయకండి, బట్టలోంచీ గుచ్చగలదు. పొరపాటున కుట్టిందా, నొప్పి లేదని ఊరుకోవద్దు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. వెడల్పాటి గుడ్డ గట్టిగా చుట్టి, బద్ద కట్టి, చెయ్యి కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేయండి. దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి ఆగితే ఆస్పత్రి చేరేదాకా నోటితో శ్వాస అందించాలి.

ఖాళీ గవ్వ షోకేసుకు, బతికున్న గవ్వ సముద్రానికి. అంతే!