బూట్ డ్రైవ్ పోయిందా? ముందు ఫైళ్లు, తర్వాతే విండోస్!

కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చిందా? వెంటనే ఫార్మాట్ కొట్టకండి. విండోస్ ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు. ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోతే మళ్లీ రావు.

మొదట బయోస్‌లో డ్రైవ్ పేరు కనిపిస్తోందా చూడండి. లేదా? డెస్క్‌టాప్ అయితే కరెంటు ప్లగ్ తీసేసి, సాటా కేబుల్ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. మన మల్కాపురం సముద్రం పక్కనే కదా, ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టొచ్చు. హార్డ్ డిస్క్ టక్ టక్ మంటే మాత్రం వెంటనే ఆపేయండి. తిరిగేకొద్దీ ఇంకా పాడవుతుంది. అక్కడి నుంచి అది డేటా రికవరీ వాళ్ల పని.

డ్రైవ్ కనిపిస్తే, ఫ్రెండ్ కంప్యూటర్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దాంతో బూట్ చేయండి. ‘ట్రై ఉబుంటు’ నొక్కండి, ‘ఇన్‌స్టాల్’ వద్దు. ముఖ్యమైన ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ అడ్డొస్తే కంగారొద్దు. దాని 48 అంకెల రికవరీ కీ చాలాసార్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి చూడొచ్చు.

ఫైళ్లు బయటపడ్డాక కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించండి. పాత డ్రైవ్‌ని మళ్లీ నమ్మొద్దు.

సిస్టమ్ బాగానే ఉందా? అయితే ఇవాళే బ్యాకప్ తీసేయండి. ఉంటా మరి!