పటేల్ చూపు, సంఘం చూపు

తెలుగు టీవీ ధారావాహికల్లో ఎవరూ తమ కులం చెప్పుకోరు. చెప్పవలసిన అవసరమే రాదు. పాలరాతి మెట్లు, హాలు నడుమ పూజామందిరం, 'శుద్ధమైన' భాష కలిసి కథానాయకుడి కులాన్ని చెప్పకనే చెబుతాయి. ఆ ఇంట్లో టీ అందించే పనిమనిషికి ఇంటిపేరు ఉండదు, చాలాసార్లు పేరే ఉండదు. ఆమె నోట తెలంగాణ యాస పలికితే అది నవ్వించడానికే.

2017 నుంచి 2023 దాకా ప్రసారమైన 'కార్తీకదీపం'ను అందరూ ఉదాహరణగా చూపుతారు. నల్లని స్త్రీ కథానాయిక కావడం చిన్న విషయం కాదు. మా జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్ళు కూడా వంటలక్క కన్నీళ్ళలో తమ అవమానాన్ని చూసుకున్నారు. కానీ ఆ నలుపు నటి ముఖానికి పూసిన రంగు. వర్ణవివక్షను అత్తగారి అయిష్టంగా కుదించిన కథ, దాని మూలంలోని కులాన్ని తాకలేదు.

ఈ రోగం మనదొక్కటే కాదు. 2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు 6.2 కోట్లు, అంటే జనాభాలో దాదాపు 19 శాతం. అక్కడి టీవీ నాటకం లాటినో పురుషుణ్ణి మాదకద్రవ్యాల ముఠా సభ్యుడిగా, లాటినా స్త్రీని ఇంటి పనిమనిషిగా దశాబ్దాలపాటు చూపింది. శ్రమచేసే సమూహాన్ని సేవకులుగానో నేరస్థులుగానో చూడటం ఆధిపత్యానికి ఎక్కడైనా అలవాటే.

దళిత కథను జనం చూడరనే వాదానికి మా సరిహద్దు అవతలే జవాబుంది. అంబేడ్కర్ జీవితంపై హిందీలో వచ్చిన ధారావాహికను జీ కన్నడ 2020లో 'మహానాయక' పేరుతో అనువదించి ప్రసారం చేసింది. కర్ణాటకలో అనేక ఊళ్ళలో దళిత యువకులు దానికి ఫ్లెక్సీలు కట్టారు. ఛానెల్ బాధ్యుడికి బెదిరింపులు వచ్చినా ప్రసారం ఆగలేదు.

మరో జవాబు మా మొగుడంపల్లికి దగ్గరలోనే ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, అక్షరాలు రానివారు సైతం, కెమెరా పట్టారు. వరంగల్ పత్తిరైతుల గోసను చిత్రించారు. 2008లో మాచునూరులో సంఘం రేడియోను తమ భాషలోనే మొదలుపెట్టారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు వారు పెట్టిన పేరు 'పటేల్ షాట్'. కళ్ళకు సమంగా నిలిచి చూస్తే 'సంఘం షాట్'. సినిమా పాఠశాలలు సాంకేతిక పదాలుగా నేర్పేదాన్ని వారు కులసంబంధంగా గుర్తించారు.

కనుక దళిత పాత్ర ఉన్నదా అని మాత్రమే అడిగితే చాలదు. ఆ పాత్రను ఎవరు రాశారు, కెమెరా ఏ ఎత్తునుంచి చూస్తున్నది అని కూడా అడగాలి. 2009 నుంచి జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు శాసనసభ స్థానం. చట్టసభలో దక్కిన ఆ చోటు కథాచర్చల గదిలో ఇంకా దక్కలేదు. ప్రజల సొమ్ముతో ఛానెళ్ళకు ప్రకటనలిచ్చే ప్రభుత్వాలు, వాటి రచన, దర్శకత్వ విభాగాల్లో ఎవరున్నారో లెక్క అడగాలి. జర్నలిజం విద్యార్థులు ఒక్క వారం ధారావాహికలు చూసి లెక్కగట్టాలి: ఎవరికి ఇంటిపేరుంది, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడే ఉన్నారు? ఆ పట్టికను ఛానెళ్ళ ముందు పెట్టి జవాబు కోరుదాం.