పెట్టె మీది అంకెలు

మా ఊళ్లో ఒక అవ్వ ఉంది. ఆమె ఇంట్లో ఒక నల్లని ఇనుప పెట్టె ఉంది. ఆమె పెనిమిటి మిలిటరీ నుంచి ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన పెట్టె అది. ఎన్నో ఏళ్లుగా అందులో కందులు, పెసలు, పాత చీరలు దాచుకుంటున్నారు. మూత మీద తెల్లరంగుతో ఏవో రాతలున్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

అవ్వ మా రాత్రి బడికి వస్తుంది. అక్షరాలు ఇంకా తడుముకుంటూ చదువుతుంది. అంకెలు మాత్రం బాగా వచ్చాయి. బస్సు నంబరు చదువుతుంది. కంట్రోలు దుకాణంలో తూకం చూసుకుంటుంది. ఒకరోజు ఆమె నాతో అన్నది:

"బిడ్డా, మా పెట్టె మీద అంకెలున్నయ్. నేను చదివిన. గవి ఏం లెక్కనో నువ్వు జర చూడు."

వెళ్లి చూశాను. అది ఆమె పెనిమిటి ఆర్మీ నంబరు. దాని పక్కన ఇంగ్లీషులో మూడు అక్షరాలు. గన్నర్ అనే మాటకు అవి గుర్తు. ఆ పక్కన ఆయన పేరు.

ఆయన 1971 యుద్ధం నాటికి మిలిటరీలో ఉన్నాడు. కొన్నేళ్లకు నౌకరి వదిలి ఇంటికి వచ్చాడు. వ్యవసాయం చేశాడు. కొన్నేళ్ల కింద చనిపోయాడు. ఆయన డిశ్చార్జి బుక్కును చెదలు తిన్నాయి. అవ్వ ఒక ఆఫీసుకు పోయి అడిగింది. "కాగితం లేనిదే ఏం చేయలేం" అన్నారు. తిరిగి వచ్చింది. ఇక అంతే అనుకుంది.

కానీ అంతే కాదు. ఇంట్లో కాగితం పోయినా, మిలిటరీ దగ్గర రాత ఉంటుంది. దాన్ని వెతికే దారి ఉంది. ఆ దారి తెలుసుకుందాం.

కాగితం ఎందుకు?

మిలిటరీలో పనిచేసిన మనిషికి నౌకరి అయిపోయాక డిశ్చార్జి బుక్కు ఇస్తారు. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వచ్చేశాడు, ఎందుకు వచ్చేశాడు అన్నీ అందులో ఉంటాయి. ఏ సాయం కావాలన్నా ముందు దాన్నే అడుగుతారు.

జవానుకు మామూలు పింఛను రావాలంటే 15 ఏళ్ల నౌకరి ఉండాలి. పింఛను తీసుకునే మనిషి చనిపోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. వెనుకటి రోజుల్లో కొందరు కొన్నేళ్లు నౌకరి చేసి, మరికొన్నేళ్లు రిజర్వులో ఉండేవారు. రిజర్వు అంటే ఇంటి దగ్గరే ఉన్నా, పిలిస్తే పోవాలి. రెండూ కలిపి 15 ఏళ్లయితే వారికి రిజర్విస్టు పింఛను ఉంటుంది. నౌకరి వల్ల గాయమైనా, జబ్బు చేసినా దానికి వేరే పింఛను ఉంది.

ఏ పింఛనూ లేనివాళ్ల సంగతేమిటి? కేంద్రీయ సైనిక బోర్డు నుంచి పేద మాజీ సైనికులకు నెలనెలా సాయం ఉంది. పింఛను లేకుండా, 65 ఏళ్లు దాటి, హవల్దారు లేదా అంతకన్నా కింది హోదాలో పనిచేసినవాళ్లకు ఇది ఇస్తారు. భర్త చనిపోతే, వాళ్ల భార్యలకు 65 ఏళ్లు దాటితే ఇస్తారు. ఇది నెలకు 4,000 రూపాయలుండేది. 2025 నవంబరు నుంచి పెట్టే దరఖాస్తులకు 8,000 రూపాయలు చేశారు.

మన అవ్వ అడగాల్సింది ఈ సాయమే. కానీ ఆమె పెనిమిటి మిలిటరీలో పనిచేశాడని ముందు రుజువు కావాలి.

ఊరు ఇక్కడ, కాగితం ఎక్కడ?

చాలామంది కాగితం కోసం మండలాఫీసుకు పోతారు. అక్కడ ఉండదు. మనిషి ఏ ఊరివాడో దాన్నిబట్టి కాదు, ఏ రెజిమెంటులో పనిచేశాడో దాన్నిబట్టి కాగితం ఉంటుంది.

సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు పేరు మనకు తెలుసు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడయ్యాడు. ఊరు సూర్యాపేట అయినా ఆయన పనిచేసింది బీహార్ రెజిమెంటులో. మన ఊళ్ల జవాన్లు కూడా ఇట్లాగే దూరదూరపు రెజిమెంట్లలో పనిచేశారు.

ఆర్మీ ఆఫీసర్ల కాగితాలు ఢిల్లీలో ఉంటాయి. జవాన్ల కాగితాలు వాళ్ల రెజిమెంటు రికార్డు ఆఫీసులో ఉంటాయి. రికార్డు ఆఫీసు అంటే ఆ రెజిమెంటులో పనిచేసినవాళ్ల వివరాలు దాచే చోటు. కొన్ని చూడండి:

మద్రాస్ రెజిమెంటుకు తమిళనాడులోని వెల్లింగ్టన్.
ఫిరంగి దళానికి, అంటే ఆర్టిలరీకి, మహారాష్ట్రలోని నాసిక్ రోడ్.
సిగ్నల్స్‌కు మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్.
మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు.
బండ్లు, యంత్రాలు బాగుచేసే ఇ.ఎం.ఇ.కి మన సికింద్రాబాద్.

ఏ దళమో తెలియకపోతే హోదా పేరు చెప్తుంది. గన్నర్ అంటే ఫిరంగి దళం. శాపర్ అంటే ఇంజనీర్లు. సిగ్నల్‌మన్ అంటే సిగ్నల్స్. క్రాఫ్ట్స్‌మన్ అంటే ఇ.ఎం.ఇ. అవ్వ పెట్టె మీద గన్నర్ అని ఉంది. అంటే ఆయన కాగితం నాసిక్ రోడ్‌లో ఉండాలి.

ముందు ఇల్లు వెతకండి

అన్నిటికన్నా ముఖ్యం ఆర్మీ నంబరు. ఒకే పేరు వందమందికి ఉంటుంది. నంబరు ఒక్కరికే ఉంటుంది. బుక్కు పోయినా నంబరు ఇంట్లో ఎక్కడో ఒకచోట దొరకవచ్చు.

పెట్టె మూత, పక్కలు చూడండి. రంగు వెలిసి ఉంటే తడిగుడ్డతో మెల్లగా తుడవండి. గీకవద్దు.

పతకాలుంటే వాటి అంచు చూడండి. చాలా పతకాల అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పిల్లలు ఆడుకునే పాత బిళ్ల పతకం కావచ్చు.

పాత ఉత్తరాలు, మనియార్డరు చీటీలు చూడండి. జవాను తన ఉత్తరం మీద నంబరు, పేరు, యూనిటు రాస్తాడు. చిరునామాలో 56 ఎ.పి.ఓ. అనో 99 ఎ.పి.ఓ. అనో ఉంటే అది మిలిటరీ పోస్టాఫీసు గుర్తు.

పాత ఫొటోల వెనక చూడండి. ఆయనతో పనిచేసిన మనిషి చుట్టుపక్కల ఊళ్లలో ఉంటే అడగండి. యూనిటు పేరు ఆయనకు గుర్తుండవచ్చు.

ఎక్కడికి పోవాలి?

మాజీ సైనికుల కోసం సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. ఆయన నౌకరి నుంచి వచ్చాక అక్కడ పేరు రాయించుకుని ఉంటే, వాళ్ల రిజిస్టరులోనే నంబరు దొరుకుతుంది. లేకపోతే వాళ్లు రికార్డు ఆఫీసుకు రాస్తారు. ఈ పనికి డబ్బు కట్టనవసరం లేదు.

బుక్కు పోయినట్టు పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. అఫిడవిట్ కూడా అడుగుతారు. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి రాసి ఇచ్చే కాగితం.

దరఖాస్తు ఇట్లా రాయవచ్చు:

సైనిక సంక్షేమ అధికారి గారికి,
నమస్కారం. నా భర్త ............ మిలిటరీలో పనిచేశాడు. ఆయన ఆర్మీ నంబరు ............ హోదా ............ ఆయన ............ సంవత్సరంలో చేరి, ............ సంవత్సరంలో ఇంటికి వచ్చాడు. ............ తేదీన చనిపోయాడు. ఆయన డిశ్చార్జి బుక్కు పోయింది. రికార్డు ఆఫీసుకు రాసి ఆయన నౌకరి వివరాలు తెప్పించగలరు. నాకు రావలసిన సాయం ఏదో తెలుపగలరు.
ఇట్లు, ............

రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచండి.

చాలా రోజులు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చింది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి రికార్డు ఆఫీసుకే దరఖాస్తు పంపవచ్చు. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ పది రూపాయలు కూడా లేవు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాయడం రానివాళ్లు నోటితో చెప్తే, రాయడానికి సమాచార అధికారి సాయం చేయాలని ఆ చట్టంలోనే ఉంది.

ఫైలు తీసేశామంటే?

పింఛను లేని జవాన్ల ఫైళ్లను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. ఈ మాట వినగానే చాలామంది ఆశ వదులుకుంటారు. వదులుకోవద్దు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరు ఒకటుంది. దాన్ని తీసేయరు. అందులో నంబరు, పేరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ ఉంటాయి. "లాంగ్ రోల్ చూడగలరు" అని దరఖాస్తులో ఒక ముక్క రాయండి.

కాగితాలు పోవడం మన దగ్గరే కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే పట్నంలో సైనికుల ఫైళ్లు దాచే పెద్ద భవనం ఉంది. 1973 జూలై 12న అది అంటుకుంది. కోటీ 60 లక్షలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. అయినా వాళ్లు చేతులెత్తేయలేదు. జీతం చీటీలు, ఆసుపత్రి కాగితాలు వంటివి చూసి, ఎవరు ఎప్పుడు పనిచేశారో మళ్లీ రాసుకున్నారు. ఒక కాగితం పోతే ఇంకో కాగితం సాక్ష్యం చెప్తుంది.

ఆలస్యమైందని కూడా భయపడవద్దు. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఆర్యసమాజ్ ఉద్యమం జరిగింది. అందులో జైలుకు పోయినవాళ్లు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను అడిగారు. గడువు దాటిందని ఆపారు. 1993లో సుప్రీంకోర్టు, ఆలస్యమైందనే కారణంతో కాదనరాదని చెప్పింది. కానీ పింఛను దరఖాస్తు అందిన రోజు నుంచే లెక్క అన్నది. ఇది సైనికుల కేసు కాదు. అయినా మనకు ఒకటి నేర్పుతుంది. అడగడంలో ఎంత ఆలస్యమైతే మనకు అంత నష్టం.

పేరు తేడా వస్తే

మన పేర్లు వేరే రాష్ట్రపు గుమాస్తా రాస్తే మారిపోతాయి. ఎల్లయ్య ఒకచోట యల్లయ్య అవుతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్లి కాకముందే నౌకరి వదిలి వచ్చినవాళ్ల రికార్డులో భార్య పేరే ఉండదు.

అప్పుడు ఆధార్, రేషన్ కార్డు, భర్త మరణ సర్టిఫికెట్, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. అన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. చిక్కు పెద్దదైతే జిల్లా కోర్టులో న్యాయ సేవల సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు.

"పింఛను ఇప్పిస్త, సగం నాకియ్యి" అనే దళారిని నమ్మవద్దు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నకళ్లు ఇవ్వండి. తెల్లకాగితం మీద వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టవద్దు.

అవ్వ దరఖాస్తు

అవ్వ దరఖాస్తు నేను రాశాను. చదివి వినిపించాను. అవ్వ తన నోటుబుక్కు తీసింది. పెట్టె మీది నంబరును ఆమె అందులో దించుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో అంకె చూసింది.

"బిడ్డా, ఈడ ఆరు ముందుగాల, తొమ్మిది తర్వాత. నువ్వు ఉల్టా రాసినవ్" అన్నది.

నిజమే. తప్పు నాది. అట్లాగే పంపితే ఇంకెవరిదో కాగితం వెతికేవాళ్లు. దిద్ది రాశాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. నంబరు, పేరు, తేదీలు లాంగ్ రోల్‌లో ఉన్నాయి. ఆయనకు పెళ్లయింది నౌకరి వదిలాకే. అందుకే అవ్వ పేరు అందులో లేదు. తహశీల్దారు సర్టిఫికెట్ కోసం మళ్లీ తిరిగాం. ఇప్పుడు సాయం కోసం దరఖాస్తు వెళ్లింది. డబ్బు ఇంకా రాలేదు. దరఖాస్తు రెండో కాపీ మాత్రం ముద్రతో సహా పెట్టెలో భద్రంగా ఉంది. కందులు వేరే డబ్బాలోకి మారాయి.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో మిలిటరీలో పనిచేసినవాళ్లు ఎవరున్నారు? చనిపోయినవాళ్ల భార్యలు ఎవరున్నారు?
వాళ్ల దగ్గర ఏ కాగితాలున్నాయి? ఏవి లేవు?
మీ ఇంట్లో కాగితాలన్నిటిలో మీ పేరు ఒకేలా ఉందా? ఈ రాత్రి తీసి చదవండి.